కుళ్ళిన గుడ్ల కంపు

దెయ్యాలూ భూతాలూ అంటే నాకు ఒళ్ళుమంట. ఇప్పటికీ అంతే. ఎవరినో నమ్మించాలని కాదు, లోపల మోసి మోసి విసుగొచ్చి ఇది రాస్తున్నాను.

విజయనగరం దగ్గర ఒక కాలేజీలో, కెమికల్ ఇంజనీరింగ్ ల్యాబ్‌లో రీసెర్చ్ అసిస్టెంట్‌ని. జనపనార తుక్కు కాల్చి బొగ్గు చేసి, గోబర్ గ్యాస్‌లో ఉండే హైడ్రోజన్ సల్ఫైడ్‌ని ఆ బొగ్గు ఎంత పీల్చుకుంటుందో చూడటం నా పని. అది విషవాయువు. కుళ్ళిన కోడిగుడ్ల కంపు కొడుతుంది. కంపు రాగానే బయటికి పరుగెత్తాలి.

కరోనా వచ్చి పోయాక నాకు వాసన తెలియడం మానేసింది. అందుకని కంపు పసిగట్టే పని నాతో పనిచేసే రమణది. "అక్కా, నీకు ముక్కు మీద కోపమే గానీ ముక్కు లేదు" అని ఏడిపించేవాడు.

ఆ మధ్యాహ్నం రమణ భోజనానికి వెళ్ళాడు. గ్యాస్ అలారం రిపేరుకి పోయింది. ఆ వారం ఫలితాలు చూపించకపోతే నా ఉద్యోగం పొడిగించరు. నిద్ర లేదు, నడుం విరిగిపోతోంది. అయినా ఆపడానికి మనసొప్పక ఒక్కదాన్నే కూర్చున్నాను. తల బరువెక్కితే అలసటే అనుకున్నాను.

అప్పుడు అమ్మ ఫోన్ చేసింది. మా ఊరు భోగాపురం అవతల, సముద్రం ఒడ్డున. అమ్మ అక్కడ చేపలు ఎండబెట్టి అమ్ముతుంది.

"ఏటే అమ్మీ, కోడిగుడ్లు కుళ్ళిన కంపొస్తన్నాది. ఇక్కడెవులికీ రాట్నేదంట. నీ కాడేటైనా ఒలికిందేటి?"

నా పనేమిటో అమ్మకి తెలియదు. గ్యాస్ సంగతి ఎప్పుడూ చెప్పలేదు, చెబితే మానేయమంటుందని. చిరాకుపడుతూ, మాట సరిగ్గా వినపడక వరండాలోకి వచ్చాను. కాళ్ళు తేలిపోయి అక్కడే కూలబడ్డాను.

మెట్లెక్కి వస్తున్న రమణకి దూరం నుంచే కంపు తగిలింది. గ్యాస్ మాస్కు తగిలించుకుని లోపలికెళ్ళి సిలిండర్ కట్టేశాడు. గొట్టం ఊడిపోయి ఉందట. ఇంకాసేపు లోపలే ఉంటే లేచేదాన్ని కాదన్నాడు డాక్టరు.

ఇంతవరకే అయితే తల్లి మనసు అని సరిపెట్టుకునేదాన్ని. కానీ ఆ రోజు నుంచి అమ్మకి వాసన తెలియదు. జలుబు లేదు, జ్వరం లేదు. విజయనగరంలో చూపిస్తే ముక్కు బాగానే ఉందన్నారు. చేప పాడైందో లేదో ఇప్పుడు పక్క బుట్ట ఆవిడని అడుగుతోంది.

ఆ వాయువు ఎక్కువగా పీలిస్తే వాసన తెలిసే శక్తి పోతుంది. అది మా పుస్తకాల్లోనే ఉంది. అంత దూరాన, సముద్రపు గాలిలో కూర్చున్న అమ్మకి ఎలా పోయిందో నాకు నేటికీ తెలియదు. ఆలోచించే ఓపిక కూడా అయిపోయింది.

"ముక్కుదేటుందే, పోతే పోయింది. నువ్వున్నావు, సాలు" అంటుంది అమ్మ. ఆ మాట వింటే ఏడుపొస్తుంది. ఆ గదిలో గాలి పీల్చింది నేను కదా.