తడిగుడ్డ కింద రెండు బిందెలు

ఆదోని మార్కెట్ దారిలో నాకు నిమ్మసోడా బండి ఉంది. మా ఆయన పోయినప్పటి నుంచి అదే నా బతుకు. ఆయన్ని సారాయి తీసుకుపోయింది. అప్పటి నుంచి మందు వాసన తగిలితే చాలు, వేరే సందులోంచి నడిచిపోతాను. అలాంటిదాన్ని ఈ ఎండాకాలం నా చేత్తోనే మందు కలిపాను.

ఒక పత్తి వ్యాపారి ఇంట్లో కూతురి నిశ్చితార్థం. ఆ ఇంటి కోడలు బెంగళూరు పిల్ల. బంధువులకు సుగంధి వేళ్ళ నన్నారి సోడా, తన స్నేహితులకు మాత్రం ఎర్ర వైన్‌లో బత్తాయి, నిమ్మ పిండి సోడా పోసి ఇవ్వాలంది. ఎన్నో ఏళ్లుగా పని ఇచ్చే ఇల్లు, కాదనలేకపోయాను. సాయానికి ఎమ్మిగనూరు నుంచి నా కూతుర్ని పిలిపించుకున్నాను. దాన్ని మగ్గం నేసే వాళ్ళింటికిచ్చాను. ఐదో నెల. అంతకుముందు ఒకటి మూడో నెలలోనే పోయింది. అందుకే బరువు ఎత్తనివ్వలేదు, గ్లాసులు అందిస్తే చాలన్నాను.

రెండు స్టీలు బిందెలు పెట్టాను. ఒకదాంట్లో నన్నారి పాకం, ఒకదాంట్లో వైన్. రెండింట్లోనూ నిమ్మరసం పిండి, బత్తాయిలు తొక్కతోనే చక్రాలుగా కోసి వేశాను. సోడా ముందే పోస్తే గ్యాసు పోతుంది, అది గ్లాసులోనే పోయాలి. చూస్తే రెండిటిదీ ఒకటే ముదురు ఎరుపు. కోడలు చీటీలు రాసి అంటిస్తానంది. నాకు చదువు అంతంత మాత్రం. చీటీలెందుకు, వైన్ బిందె మీది గుడ్డకు ముడి వేస్తానన్నాను. చల్లగా ఉండడానికి అల్లుడు నేసిన తువ్వాళ్ళే తడిపి రెండింటి మీదా కప్పాను.

మధ్యాహ్నానికి గుడ్డలు ఎండిపోయాయి. వంటామెతో మాట్లాడుతూనే రెండూ లాగి బక్కెట్లో ముంచి, పిండి, మళ్ళీ కప్పాను. ఎన్ని వేసవులు చేసిన పనో. చెయ్యి దానంతట అదే చేసింది.

కాసేపటికి కోడలి స్నేహితులు వచ్చారు. ముడి ఉన్న బిందెలోంచి పోసిచ్చాను. ఒక పిల్ల గుటక వేసి, ఇందులో వైన్ లేదు ఆంటీ అంది. తడిపి కప్పినప్పుడు గుడ్డలు మారిపోయాయి.

తిరిగి చూస్తే ఫ్యాను కింద నా కూతురు. పక్కన కడిగి బోర్లించిన గ్లాసు.

"యాడిది తాగినావమ్మీ?"

"ముడి లేనిదాంట్లోదే. నువ్వే సెప్తివి కదా."

"ఎప్పుడు తాగినావు? నేను గుడ్డలు తడపక ముందా, తడిపినాకా?"

"ఏమోమా. దప్పికైతే గడగడా తాగితి."

"ఎట్లుండె?"

"సల్లగుండె. రోంత వగరు."

ముందైతే నన్నారి, తర్వాతైతే వైన్. అంతే తేడా. ఆ వగరు దేనిదో తెలియాలి కదా. ముడి లేని బిందెలోంచి గరిటెడు తీసుకుని నేను తాగాను. పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి. వగరు. రెండోదీ తాగాను. బత్తాయి తొక్కకు అదీ వగరే. అది తాగిన వగరు దేనిదో నా నాలుకకు తేలలేదు.

కోడలికి చెప్పాను. ఆ పిల్ల తిట్టలేదు, తనకు తెలిసిన డాక్టరమ్మకు ఫోను చేసింది. ఒక గ్లాసుకు అంత భయపడొద్దు, ఇంక తాగనివ్వొద్దు, రేపు చూపించండి అందట. దాచడం చేతకాక కూతురికీ చెప్పాను. అది ఏడవలేదు. నా దగ్గరికి జరిగి, నా నోటి వాసన చూసి మొహం తిప్పుకుంది.

"నీ నోట్లో నాయన వాసన వస్తాంది. ఆ వాసనలోనే పెరిగినదాన్ని. నా గ్లాసులో అదుంటే పెదిమకు తగలనిస్తునా?"

నమ్మాలనిపించింది. కానీ అంత దప్పికలో, అంత నిమ్మ ఘాటులో ముక్కు పని చేస్తుందా? నన్ను ఊరుకోబెట్టడానికి అందేమో.

మరుసటి రోజు ఆసుపత్రిలో గుండె చప్పుడు వినిపించారు, బాగుందన్నారు. నాకు మాత్రం భయం పోలేదు. ఇప్పుడు దానికి ఎనిమిదో నెల. పొద్దున్నే ఎమ్మిగనూరుకు ఫోను చేస్తాను. అన్నం తిన్నావా అని కూడా అడగను, బిడ్డ కదిలిందా అంటాను. కదిలిందిమా అనేదాకా ఊపిరి ఆడదు. ఒక్కోరోజు అది ఫోను ఎత్తదు. అప్పుడు బండిని ఎవరికో అప్పజెప్పి బస్టాండుకు నడుస్తాను.