నా ముక్కు మీద నమ్మకం

కలకత్తాలో మెటియాబ్రుజ్ దాటాక గంగ ఒడ్డున ఉండేది మా కాగితం మిల్లు. ఎర్రజెండా సర్కారు వేళ్ళూనుకున్న రోజులు. గేటు దగ్గర యూనియన్ మీటింగులు, లోపల కరెంటు కోతలు. అక్కడ పద్దెనిమిదేళ్ళు పనిచేశాను. చదువు లేదు, కండ అంతంతమాత్రం. ఉన్నదల్లా ముక్కు.

కర్రని చిన్న చిన్న ముక్కలుగా కొట్టి, ఘాటైన మందునీళ్ళు పోసి, మూడంతస్తుల ఎత్తున్న ఇనప పాత్రలో ఆవిరి మీద ఉడకబెడతారు. ఉడుకు సరిపోయిందో లేదో మీటరు కంటే ముందు నేనే చెప్పేవాణ్ణి. అందుకని ఇంకో పని కూడా నా నెత్తిన పెట్టారు. ఉడికి, కడిగిన గుజ్జుని నేలలో కట్టిన పెద్ద తొట్టిలో నిలవ చేసేవారు. ఆ తొట్టి కడగాలంటే మనిషి దిగాలి. గుజ్జు మురిగితే విషగాలి పుడుతుంది. మూత తీసి, వాసన చూసి, దిగొచ్చో లేదో చెప్పే బాధ్యత నాది.

ఆ ముక్కు పోయింది. ఎప్పుడు పోయిందో నాకే తెలీదు. ఒకరోజు పాచిపోయిన పప్పు రెండు పూటలా లొట్టలేసుకుంటూ తిన్నాను. తర్వాత రుచి చూసి ఉమ్మేసిన మా ఆవిడ, "మా ఆయన తిండికి వంకలు పెట్టడు" అని ఇరుగుపొరుగుకి గొప్పగా చెప్పుకుంది. నా గుండెల్లో మాత్రం రాయి పడింది. బయటపెడితే కర్రల యార్డులో మోతకి పంపేస్తారు. అంతకంటే ముందు నవ్వుతారు. దొంగకి తేలు కుట్టినట్టు నోరు మూసుకున్నాను. సిగ్గులేకుండా తొట్టి మీద వంగి, పీల్చినట్టు నటించి, తల ఊపేవాణ్ణి. మొన్ననే కదా ఖాళీ చేశారు, ఏమవుతుందిలే అని నాకు నేనే సర్దిచెప్పుకునేవాణ్ణి.

ఆ ఏడు విశ్వకర్మ పూజకి ముందు పంపు కాలిపోయింది. భాద్రపదం ఉక్కలో గుజ్జు వారం రోజులు కదలకుండా ఉండిపోయింది. పంపు బాగయ్యాక పైపైన తోడేశారు. అడుగున మిగిలినది పూజ మర్నాడు మనిషి దిగి పారతో ఎత్తాలి. ఈసారి వంతు నా బామ్మర్దిది. మా ఆవిడకి ఒక్కగానొక్క తమ్ముడు. ఊరి నుంచి తెచ్చి పనిలో పెట్టించింది నేనే. అన్నం సయించడం మానేసింది నాకు.

పూజ రోజు యంత్రాలన్నీ ఆపేసి, బంతిపూల దండలు వేసి, ఇంటివాళ్ళని లోపలికి రానిచ్చేవారు. ఆకాశం నిండా గాలిపటాలు. మా ఆవిడని తిప్పి చూపించాను.

"పాలలాటి నీల్లు జల్లెడ మీద పోత్తే కాయితమెలాగవుద్ది మావా?" అంది.

"నీల్లు కారిపోతే మిగిలిందే కాయితం. దాన్ని రోలర్ల మద్దిన నొక్కి, ఆవిరి డ్రమ్ముల మీద ఆరబెడతారు" అన్నాను. నోరు చెబుతోంది గానీ మనసంతా తొట్టి దగ్గరే ఉంది.

అక్కడ ఎవరూ లేరు. పూజ రోజు పనిముట్టు ముట్టకూడదు. అయినా మూత జరిపి, వెదురు గెడ అందుకుని అడుగున ఉన్న గుజ్జుని కెలికాను.

"ఓలే, ఇలా వంగు. ఏటైనా వాసనొస్తందా?"

"ఛీ! కుల్లిన గుడ్డు కంపు. నీకు రావట్నేదా?"

"నా సంగతెందుకు? ఇంకా వస్తందా, సెప్పు."

ముక్కుకి అడ్డం పెట్టుకున్న చెంగు తీసి మళ్ళీ పీల్చింది. "నేదు మావా. పోయినాది. ఇప్పుడేటీ నేదు."

ప్రాణం లేచొచ్చింది. నాకు పని నేర్పిన ముసలాయన చెప్పిన మాట అంతలోనే తట్టింది: ఆ గాలి ముందు ముక్కుని చంపుతుంది, తర్వాత మనిషిని. పోయింది కంపు కాదు. నా ముక్కు కోసం నా పెళ్ళాన్ని చావు నోటి దగ్గర నిలబెట్టాను. జబ్బ పట్టుకుని బయటి వాకిట్లోకి ఈడ్చుకుపోయాను. దగ్గుతూ, ఎర్రబడ్డ కళ్ళు తుడుచుకుంటూ నన్నే చూసింది.

"నీకు వాసన తెల్దు" అంది. "రేపు తమ్ముడు దిగుతాడు. నువ్వు సెప్తావా, నన్ను సెప్పమంటావా?"

మర్నాడు చెప్పేద్దామనే వెళ్ళాను. చేతులు మాత్రం అలవాటుగా బామ్మర్ది నడుముకి తాడు కట్టేశాయి. సూపర్‌వైజరు బెంగాలీ ఆయన, "కీ దాదా, ఠిక్ ఆఛే తో?" అని, అంతా బాగానే ఉందా అని అడిగాడు. రోజూ అయితే తల ఊపేవాణ్ణి.

"దిగొద్దు. లోపల గాలి ఉంది" అన్నాను.

"మూతే తీయలేదు. నీకెలా తెలుసు?"

చుట్టూ పదిమంది ఉన్నారు. "నిన్న మా ఆవిడ చూసింది. నాకు వాసన తెలీదు. రెండేళ్ళయింది" అని బెంగాలీలోనే చెప్పేశాను.

ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. సూపర్‌వైజరు నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. బామ్మర్ది ఏదో లెక్క సరిచూసుకుంటున్నవాడిలా కాసేపు నా మొహంలోకి చూశాడు.

"రెండేల్లా బావా? మరి పోయినేడు నన్ను దించినావు గదా?"

"దించినాను."

"అప్పుడు?"

"అప్పుడూ తెల్దురా."

వాడు నడుముకున్న తాడు విప్పుకోవడం మొదలుపెట్టాడు. ముడి ఊడిరావడం లేదు. సాయం చేద్దామని ముందుకెళ్తే నా చెయ్యి తోసేశాడు.