కబోర్డు కింది వెలుతురు

మా వంటింట్లో వెలుతురు లేదని నేను రెండేళ్లు చెప్పాను. ఎవరూ వినలేదు. ఈ మాట ముందే రాసి పెడుతున్నాను. ఎందుకంటే అంతా అయిపోయాక ప్రతివాళ్లూ తమకు ముందే తెలుసన్నట్టు మాట్లాడారు.

గుంతకల్లులో రైల్వే క్వార్టర్స్ ఖాళీ చేసి సొంత ఇల్లు కట్టుకున్నప్పుడు వంటిల్లు ఎలా ఉండాలని నన్ను అడిగినవాళ్లు లేరు. గూడ్సు బండి గార్డుగా రిటైరైన మా ఆయన, మేస్త్రీ కలిసి చెరొక కుర్చీలో కూర్చుని నిర్ణయించారు. క్వార్టర్స్‌లో వంటగట్టుకు ఎదురుగా కిటికీ ఉండేది. పొద్దున్నే ఎండ నేరుగా చాటలోకి వచ్చేది. కొత్త ఇంట్లో ఆ గోడను ఆనుకునే పక్కింటి గోడ. కిటికీ ఉండాల్సిన చోట కాఫీ రంగు కబోర్డులు బిగించారు. గట్టుకు నల్ల గ్రానైటు. ట్యూబ్‌లైటేమో నా వీపు వెనక. నేను గట్టు దగ్గర నిలబడితే నా నీడ నా చేతుల మీదే పడుతుంది.

గృహప్రవేశం నాడు మేస్త్రీ గ్రానైటు మీద అరచేత్తో తట్టి, "అద్దం మాదిరి మెరుస్తాండాది సూడమ్మా" అన్నాడు.

"బండ మెరిస్తే నాకేమొచ్చె? దాని మీద ఏముండేదీ కనపడల్ల కదా" అన్నాను.

 అతను మా ఆయన వైపు చూసి నవ్వాడు. ఆయనా నవ్వాడు. ఆ రెండు నవ్వులూ నేను మరిచిపోలేదు.

నాకు వెలుతురు ఎందుకు కావాలో చెప్పాలంటే కందిబేడల సంగతి, అంటే వండని కందిపప్పు సంగతి చెప్పాలి. మా పుట్టిల్లు నల్లమాడ దగ్గర పల్లె. వేరుశెనగ చేలో నడుమ నడుమ సాలు వేసిన కందిని మా తమ్ముడు బేడలు చేయించి ఏటా నాకు పంపుతాడు. వాన పడిన ఏడు మూట వస్తుంది. పడని ఏడు అర మూట. ఒక ఏడు నూనె డబ్బాలో సగం వచ్చింది. అది చూసి నేను ఏడ్చాను గాని వద్దని చెప్పలేదు. అక్కడ ఇప్పుడు కళ్లం చేసేవాళ్లు లేరు. కందికట్టె తెచ్చి తారు రోడ్డు మీద పరుస్తారు. వచ్చే పోయే లారీలు తొక్కితే గింజ రాలుతుంది. దాంతోపాటు రోడ్డు కంకర, ఎర్రమట్టి గడ్డలు కూడా బేడల్లో కలుస్తాయి. కొన్ని రాళ్లు అచ్చం బేడంతే ఉంటాయి, బేడ రంగులోనే ఉంటాయి. కూర్చుని ఏరుకోవాలి. పుట్టింటి బేడలు ఏరుకోవడం మాకు పని కాదు, హక్కు. షాపులో ప్యాకెట్టు కొనుక్కుంటే సరిపోతుంది కదా అని మా ఆయన ఒకసారి అన్నాడు. రెండు రోజులు ఆయనకు పప్పు వడ్డించాను గాని మాట్లాడలేదు.

ఒక ఆదివారం గుత్తి నుంచి మా ఆడబిడ్డ వచ్చింది. మా ఆయనకు అక్క. అన్నం, కందిపప్పు, వంకాయ చేశాను. రెండో ముద్దకే ఆమె నోట్లో కటుక్కుమంది. నేను అవతలి గదిలో ఉన్నా వినపడేంత గట్టిగా. ఆమె అరచేతిలోకి ఉమ్మి, చేతిలో ఉన్నవి రెండూ కంచం అంచున పక్కపక్కన పెట్టింది. ఒకటి రాయి, ఒకటి విరిగిన పన్ను ముక్క.

"ఏమ్మా, ఈ రెండింట్లో రాయేదో పన్నేదో నువ్వు జెప్పు సూద్దాం" అంది.

నేను దగ్గరికి వచ్చి వంగి చూశాను. చెప్పలేకపోయాను. సిగ్గుతో కళ్లల్లో నీళ్లు వచ్చి కనపడలేదనే అనుకున్నాను.

ఆమె తమ్ముడి వైపు తిరిగింది. "ఒరే, వంటమనిషిని పెట్టుకోండ్రా. దీనికి కండ్లు ఆనల్యా."

"నా కండ్లు బాగుండాయి వదినా. ఇంట్లోనే ఎల్తురు ల్యా" అన్నాను.

"ఎల్తురు లేకుంటే ఉప్పుడబ్బా ఎట్ల కనపడె?"

ఉప్పుడబ్బా నలభై ఏళ్లుగా నా కుడిచేతి పక్కనే ఉంటుంది. దాన్ని చూడాల్సిన పని లేదు. 

ఆ సాయంత్రం మా ఆయన మెల్లగా మొదలుపెట్టాడు. వీధి చివర ఒకామె రెండిళ్లలో వంట చేస్తోందట, మంచి మనిషట, మనింటికీ వస్తుందట. నేను గరిటె కింద పెట్టి చెప్పాను: "కబోర్డుల కింద లైట్లు ఏయించు. నా చేతుల మీద పడేటట్ల ఏయించు. ఆ పొద్దు నుంచి ఒక్క రాయి వచ్చినా నువ్వు ఎవుర్ని తెచ్చినా నేను అడ్డం రాను. వంటింట్లోకే రాను."

"సరే" అన్నాడాయన. మా ఇద్దరి మధ్యా మాటంటే మాటే. వంటిల్లు నాకు ఉంటుందా పోతుందా అనేది ఇక ఆ లైట్ల మీద నిలబడింది.

లైట్లు కొనడానికి నేనే వెళ్లాను. ఉత్త చేతులతో వెళ్లలేదు. అంగట్లో కందిబేడల ప్యాకెట్టు కొన్నాను. నా జన్మలో మొదటిసారి. ప్యాకెట్టు బేడల్లో రాళ్లు ఉండవు గనక కొన్నాను. అంతకు ముందు ఏరి పక్కన పెట్టిన రాళ్లలోంచి పది, వేలితో తడిమి లెక్కబెట్టి ఆ బేడల్లో కలిపాను. స్టీలు డబ్బాలో పోసుకుని, ఒక ప్లేటు సంచిలో పెట్టుకుని స్టేషను రోడ్డులోని కరెంటు సామాన్ల షాపుకు నడిచాను. మా ఆయన వెనకే వచ్చాడు.

షాపతను మా ఆయన్నే అడిగాడు. "సార్, ఎన్ని అడుగులు కావల్ల?"

"తొమ్మిది. వంట చేసేది నేను. నాతో మాట్లాడు" అన్నాను.

మూడు రకాలు చూపించాడు. కబోర్డు అడుగున బిగించే గుండ్రటి బిళ్లలు. జెర్రి పాకినట్టు అతికించే పట్టీ. అదే పట్టీని అల్యూమినియం గొట్టంలో పెట్టి పైన పాలరంగు మూత వేసింది. బిళ్లలు వద్దన్నాను. బిళ్లకూ బిళ్లకూ నడుమ చీకటి మిగులుతుంది, నల్ల గ్రానైటులో ఒక్కో బిళ్ల మెరుపు తిరిగి కంట్లో గుచ్చుకుంటుంది. ఉత్త పట్టీ అయితే చుక్కలు చుక్కలుగా అదే గోల. మూత ఉన్నదే నయం. పట్టీని వెనక గోడ వైపు బిగిస్తే టైల్సు బాగా మెరుస్తాయి, వచ్చినవాళ్లు మెచ్చుకుంటారు అన్నాడు. ముందు అంచుకు, కబోర్డు పెదవి చాటున పెట్టమన్నాను. వెలుతురు టైల్స్‌కు కాదు, కత్తికీ వేళ్లకూ కావాలి.

"యాడ నేర్చినావమ్మా ఇదంతా? ఫోన్లో సూసినావా?"

"గట్టు కాడ నిలబడి నేర్చినా."

ఇక రంగు. అక్కడే కౌంటరు మీద ప్లేటు పెట్టి బేడలు పోశాను. షాపులో ఉన్నవాళ్లు దగ్గరికి వచ్చారు.

"ఏమప్పా, లైట్ల షాపులో బేడలు అమ్మేది ఎప్పట్నించి?" అన్నాడొకడు.

"కొనేటోనివి అయితే కొను. లేకుంటే ఎల్తురుకు అడ్డం తొలుగు" అన్నాను.

పసుపు లైటు కింద బేడలకూ రాళ్లకూ ఒకే పసుపు పూసినట్టయింది. ఐదు దొరికాయి. తెల్ల లైటు కింద ప్లేటంతా పొద్దున్నే పట్టిన మంచులా పాలిపోయింది. ఏడు. రెంటికీ నడిమి రంగు ఒకటుంది, అది కాస్త పగటి వెలుతురులా ఉంది. దాని కింద కూడా ఏడే. మళ్లీ కలిపి, మళ్లీ ఏరాను. ఏడు.

"మీకు లైటు చాలదమ్మా, సూర్యున్నే తెప్పియ్యల్ల" అన్నాడు షాపతను. అందరూ నవ్వారు.

షాపు లోపలి కొసన, వైరు చుట్టల పక్కన అతని తల్లి కూర్చుని ఉంది. నా కంటే పదేళ్లు పెద్దదే. "ఇట్లీమ్మా" అని చేయి చాపి ప్లేటు ఒళ్లోకి తీసుకుంది. ఆమె కూర్చున్నచోట ఏ లైటూ లేదు. మాట్లాడుతూనే ఒకటి, ఇంకొకటి, మరొకటి తీసి నా అరచేతిలో పెట్టింది.

"ఇంగా మూడుండాయి గదమ్మా."

ఆమె ఎగతాళి చేయలేదు. అదే నాకు ఎక్కువ కోపం తెప్పించింది. ప్లేటు వాలుగా పెట్టుకుంది కాబట్టి ఆమెకు కనపడ్డాయని దారంతా మా ఆయనకు చెప్పాను. ఆయన ఊఁ కొట్టాడు.

నడిమి రంగు పట్టీనే తీసుకున్నాం. మరుసటి రోజు షాపతనే వచ్చి నేను చెప్పినచోటే బిగించాడు. స్విచ్చి వేయగానే గట్టు ఈ కొస నుంచి ఆ కొస వరకు ఒకేలా వెలిగింది. నా చేతుల మీద నీడ పోయింది. కత్తి అంచు కూడా కనపడుతోంది. నేను ఇన్నాళ్లూ చెప్పింది నిజమేనని గోడకు రాసినట్టుంది.

ఆ పది రాళ్లూ మళ్లీ బేడల్లో కలిపి ఆ వెలుతురులో ఏరాను. ఏడు.

లైటు మిణుకుమిణుకుమంటోందని అతన్ని పిలిపించాను. వచ్చి పట్టీకి కరెంటు పంపే చిన్న డబ్బా మార్చాడు. వీధిలో బోరు మోటార్లు వేస్తే మందగిస్తోందని మళ్లీ పిలిపించాను. ఇంకో డబ్బా మార్చాడు. మూడోసారి వచ్చినప్పుడు ఏమీ మార్చలేదు. గట్టు పక్కన నిలబడి, పక్కింట్లో మోటారు వేసేదాకా, ఆపేదాకా లైటునే చూశాడు.

"లైటు బాగుండాదమ్మా. ఇంగ నన్ను పిలవగాకు" అని చెప్పులు వేసుకున్నాడు. నీళ్లు ఇస్తే తాగలేదు.

అతను పోయాక ప్లేటు తీసుకుని మిద్దె మీదికి వెళ్లాను. నడిమధ్యాహ్నం. మా దిక్కు ఎండ ఎట్లాంటిదో చెప్పక్కర్లేదు, కళ్లు మూసుకున్నా రెప్పల్లోంచి వస్తుంది. మా ఊళ్లో ఎండకంటే పెద్ద లైటు లేదు. కాళ్లు కాలుతుంటే గోనెసంచి మీద కూర్చుని ఏరాను. ఏడు. కలిపి మళ్లీ ఏరాను. ఆరు. అప్పుడే ఒక సంగతి తెలిసింది. ఒకచోట నేరుగా చూస్తే అక్కడ బేడలు తప్ప ఏమీ లేవు. తలతిప్పి పక్కకు చూస్తే అదేచోట, చూపు అంచులో రాయి ఉంది. మళ్లీ నేరుగా చూస్తే లేదు. ఎవరో నా చూపు నడుమ తడివేలు అద్ది వదిలేసినట్టుంది.

మా ఆయన మెట్లెక్కి వచ్చాడు. "ఎండలో ఏం జేస్తాండావే?"

"సూస్తాండా."

"ఎన్నొచ్చినాయి?"

"పదీ" అన్నాను.

ఆయన ప్లేటు వైపు చూశాడు. ఏరిన రాళ్లు పక్కనే ఉన్నాయి. లెక్కబెట్టడానికి ఎంతసేపు పడుతుంది? కిందికి దిగిపోయాడు.

మరుసటి రోజు తమ్ముడు పంపిన బేడలే ఏరి పప్పు చేశాను. ఎదురుగా కూర్చుని తింటున్నాం. ఆయన నోట్లో చప్పుడైంది. చిన్న చప్పుడే. నేను చేయి ఆపాను. ఆయన నమలడం ఆపి, చెంబెత్తి నీళ్లు తాగి, గొంతు కదిలించి మింగేశాడు. మళ్లీ ముద్ద కలిపాడు. పప్పు బాగుండాదని కూడా అన్నాడు.

నన్ను మాటలన్నవాళ్లందరూ నాకు గుర్తున్నారు. వాళ్లకు తిరిగి ఏం చెప్పాలో కూడా పెట్టుకుని ఉన్నాను. రాయి మింగినవాడికి ఏం చెప్పాలి? ఆ పూట అన్నం పోలేదు. కంచం తీసి, "అనంతపురం పోదాం. కండ్ల డాక్టరు కాడికి" అన్నాను. 

డాక్టరు కళ్లల్లో మందు వేయించి, కాసేపయ్యాక లైటు పెట్టి లోపల చాలాసేపు చూశాడు. షుగరు ఎన్నాళ్ల నుంచి అని అడిగాడు. కంటి వెనక పొరలో రక్తనాళాలు చెడి చూపు నడుమ నీరు చేరిందన్నాడు. ఇంజెక్షన్లతో ఇక ముందు చెడకుండా చూడవచ్చు, పోయిన చూపు మాత్రం అంతా రాదన్నాడు.

"ఏటా కండ్లు చూపించుకోమని మీకు ఎవరూ చెప్పలేదా?"

చెప్పారు. రెండేళ్ల కిందట, గుంతకల్లులో షుగరుకు చూపించుకునేచోట చెప్పారు. కంటి పరీక్షకు చీటీ రాసిచ్చే ఆమె, నేను నా పేరు రెండోసారి చెప్పేలోపల "ఈ ముసిలామెను పక్కన కూసోబెట్టండి" అని అరిచింది. నేను లేచి వచ్చేశాను. మళ్లీ ఆ గడప తొక్కలేదు. ఆ మాట అన్నదాని ముఖం నాకు ఇప్పటికీ అచ్చంగా తెలుసు. అప్పుడు నేను దాన్ని బాగా చూడగలిగాను.

 డాక్టరుకు జవాబు పక్కన నిలబడ్డ మా ఆయన చెప్పాడు.

"మా ఇంట్లో ఎల్తురు తక్కువ సార్. రెండేండ్ల నుంచి జెప్తానే ఉండాది. నేనే పట్టించుకోల్యా. అందుకే ఆలస్యమైంది."

డాక్టరు ఆయన్ను తిట్టాడు. ఆయన తల ఊపుతూ విన్నాడు.

ఇంటికి వచ్చేసరికి నాలుగు దాటింది. మందు వేసిన కళ్లకు అంతా తెల్లగా, గట్టిగా ఉంది. వంటింటి గడప దగ్గర ఆగాను. ఆయన నా కంటే ముందు వెళ్లి కబోర్డు కింది లైటు వేశాడు.

"ఆర్పెయ్" అన్నాను. ఆర్పేశాడు.

"ఆమెను రమ్మను."

"ఎవురిని?"

"వీధి చివరామెను. వంటకు."

"ఏమంత తొందర? సూదులు ఏయించుకో, సూద్దాం."

"మాట మాటే. రేపట్నించే రమ్మను" అని హాల్లోకి వచ్చి కూర్చున్నాను. నేను వంటింట్లో కాకుండా ఆ కుర్చీలో కూర్చుంటే టీ ఎవరు పెట్టాలో మా ఇద్దరికీ తెలియలేదు. ఆయనే లేచాడు. గిన్నెలు వెతుకుతున్న చప్పుడు మొదలైంది.