పదకొండు నలభైకి నేను చెయ్యని ఫోన్

దెయ్యాలంటే నాకు నమ్మకం లేదు. చిన్నప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. హాస్టల్లో అమ్మాయిలు పై అంతస్తు బాత్రూమ్ గురించి కథలు చెప్పుకుని వణుకుతుంటే, బకెట్ పట్టుకుని అక్కడికే వెళ్ళి స్నానం చేసి వచ్చేదాన్ని. ఇది రాయడానికి ఇంతకాలం ఆగింది భయపడి కాదు, సిగ్గుపడి. నిజానికి ఇందులో దెయ్యం ఉండి ఉంటే నాకు కాస్త తేలిగ్గానే ఉండేది.

రాజమహేంద్రవరంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పనిచేస్తాను. పేరు వద్దు. అక్కడ మానసిక వైద్య విభాగంలో ఒక పరిశోధన జరుగుతోంది. మనసు జబ్బుకి వాడే గట్టి మందు ఒకటుంది. వేరే మందులకు లొంగనివాళ్ళకు, ఎవరూ లేకపోయినా గొంతులు వినిపించేవాళ్ళకు అది ఇస్తారు. చాలామందికి బాగా పనిచేస్తుంది. ఎక్కడో ఒకరికి మాత్రం రక్తంలో తెల్లకణాలు ఉన్నట్టుండి పడిపోతాయి. అప్పుడు మామూలు గొంతు నొప్పి కూడా ప్రాణం మీదికి తెస్తుంది. అలా ఎవరికి అవుతుంది, ఎంత ముందుగా పసిగట్టవచ్చు అన్నదే మా పరిశోధన.

మందు వాడుతున్నవాళ్ళకు ప్రతి శుక్రవారం రక్తపరీక్ష జరిగేలా చూడటం నా పని. ప్రతి మంగళవారం ఇంటికి ఫోన్ చేసి ఐదు ప్రశ్నలు అడగడం కూడా. జ్వరం ఉందా, గొంతు నొప్పి ఉందా, నోట్లో పుండ్లు ఉన్నాయా, నీరసంగా ఉందా, లేని మాటలు వినిపిస్తున్నాయా. జవాబులు కాగితం మీద రాసి, ఫోన్ చేసిన టైము వేసి, కింద సంతకం పెట్టాలి.

మా జాబితాలో సముద్రం ఒడ్డున ఉన్న ఉప్పాడ నుంచి అబ్బాయి ఒకతను ఉన్నాడు. పేర్లు మార్చి రాస్తున్నాను. అతను శివ, ఇరవై ఏడేళ్ళు. వాళ్ళమ్మ సత్యవతి గారు చీరలు నేస్తారు. తండ్రి లేడు. ఈ మందు మొదలుపెట్టిన రెండో నెలలో శివ తనంతట తానే అన్నం పెట్టుకుని తిన్నాడని చెబుతూ ఆవిడ ఫోన్లో ఏడ్చారు. అంతకుముందు నాలుగేళ్ళు అతను గోడతో తప్ప మనుషులతో మాట్లాడలేదు.

ఆవిడతో నాకొక ఇబ్బంది ఉండేది. ఐదు ప్రశ్నలకు ఐదు మాటల్లో జవాబు చెప్పేవారు కాదు. మగ్గం దగ్గర కూర్చునే మాట్లాడేవారు, వెనక టకటకమని చప్పుడు. ఏ రంగు దారం దొరకలేదో, సముద్రం ఎవరి గోడ తీసుకుపోయిందో, శివ ఏ కూర వద్దన్నాడో అన్నీ చెప్పేవారు. నేను ఫోన్ స్పీకర్లో పెట్టి, ఊఁ కొడుతూ, వేరే కాగితాలు నింపుకునేదాన్ని. ఒక్కోసారి ఆవిడ మాట మధ్యలోనే 'సరేనండి, ఉంటానండి' అని పెట్టేసేదాన్ని.

ఆ మంగళవారం నాకు తొమ్మిది ఫోన్లున్నాయి. మర్నాడు హైదరాబాదు నుంచి మా కాగితాలన్నీ తనిఖీ చేసే మనిషి వస్తున్నాడు. రెండు గంటలకు అన్నం తింటూ చూసుకుంటే ఒక్క సత్యవతి గారి ఫోనే మిగిలింది. పద్నాలుగు వారాలుగా ఆవిడ జవాబులన్నీ 'లేదు' అనే. గత శుక్రవారం రక్తం లెక్క కూడా బాగానే ఉంది. అందుకని ఎడమచేత్తో కాగితం లాక్కుని, ఐదు 'లేదు'లు రాసి సంతకం పెట్టేశాను. టైము దగ్గర పదకొండు నలభై అని వేశాను. పదకొండున్నర అని వేస్తే కల్పించినట్టు కనిపిస్తుందని అనుకున్నాను. అంత తెలివి నాది.

మూడున్నరకు క్యాజువాలిటీ నుంచి పిలుపు వచ్చింది. వెళ్ళేసరికి శివ స్ట్రెచర్ మీద ఉన్నాడు. ఒళ్ళు కాలిపోతోంది, ఉమ్మి కూడా మింగలేకపోతున్నాడు. రక్తం రిపోర్టులో తెల్లకణాలు దాదాపు లేవు. సత్యవతి గారు నన్ను చూడగానే నా రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకున్నారు.

"మీరు ఫోన్ చెయ్యకపోతే నా కొడుకు నాకు దక్కేవోడు కాదండి" అన్నారు.

మా డాక్టరు గారు పక్కనే ఉన్నారు. శుక్రవారం దాకా ఆగి ఉంటే చెయ్యడానికి ఏమీ ఉండేది కాదని, మంచి పని చేశావని అన్నారు. నేను నోరు విప్పి ఉండవలసింది. 'ఫర్లేదండి' అన్నాను. నా జీవితంలో నేను అన్న మాటల్లో అంత నీచమైనది ఇంకొకటి లేదు.

ఆ తర్వాత చేసింది ఇంకా ఘోరం. నా కాగితంలో జ్వరం లేదని ఉంది. మనిషేమో నా ఫోన్ వల్లే జ్వరంతో వచ్చాడని అందరూ అంటున్నారు. మర్నాడు తనిఖీలో ఆ తేడా బయటపడుతుంది. అందుకని సత్యవతి గారి దగ్గర కూర్చుని, పొద్దున ఏమేం మాట్లాడుకున్నామో మళ్ళీ ఒకసారి చెప్పమన్నాను, రికార్డు కోసం అని. ఆవిడ చెప్పినదంతా కొత్త కాగితం మీద రాసి, అదే టైము వేసి, పాతదాన్ని మడిచి హ్యాండ్‌బ్యాగులో దాచుకున్నాను. నేను చెయ్యని ఫోన్‌లో ఏం జరిగిందో అలా తెలిసింది.

"ముందు వాడి సంగతి అడగలేదు కదండి మీరు" అన్నారావిడ. "మా ఇంటి వెనక గోడ సముద్రంలో పోయిందని అంతకుముందు వారం చెప్పాను కదా, అప్పట్నుంచి నిద్ర పడుతోందాండి అని నన్నడిగారు. ఎవరూ అడగలేదండి ఆ మాట. నేను అలా చెప్పుకుంటూ పోతా ఉంటే, శివ నిన్నట్నుంచి గంజి కూడా తాగట్లేదన్న మాట దాంట్లోనే వచ్చేసింది. ఎండ దెబ్బనుకున్నానండి, శుక్రవారం ఎలాగూ రక్తం తీస్తారు కదా అని ఊరుకున్నాను. టార్చిలైటు పెట్టి నోరు చూడండి, నేను లైన్లోనే ఉంటాను అన్నారు. చూత్తే ఏముందండి, లోపలంతా పుండ్లే. మందు ఆపెయ్యండి, కారు మాట్లాడుకుని వచ్చెయ్యండి అన్నారు."

గోడ సంగతి ఆవిడ నాకు చెప్పి ఉంటారు. నాకు గుర్తు లేదు. నేను వినలేదు.

మర్నాడు పొద్దున వార్డు బయట ఆవిడ ఫోన్ అడిగి తీసుకుని చూశాను. చిన్న బటన్ల ఫోను. వచ్చిన ఫోన్లలో, పక్కింటివాళ్ళెవరో 'రక్తం మేడమ్' అని సేవ్ చేసిపెట్టిన మా నంబరు ఉంది. మంగళవారం, పదకొండు నలభై, ఇరవై ఆరు నిమిషాలు.

ఈ పని కోసం ఆసుపత్రి నాకిచ్చిన సెల్‌ఫోన్‌లో ఆ టైముకి ఏమీ లేదు. ఫోన్ కంపెనీ నుంచి ఆ నెల కాల్స్ లిస్టు తెప్పించాను, అందులోనూ లేదు. ఆ టైముకి ఫోను నా సొరుగులో, తాళం వేసి ఉంది. తాళంచెవి నా దగ్గరే ఉంది. నేను కింద ఫార్మసీలో మందులు లెక్కపెడుతున్నాను, పన్నెండుంపావు వరకు. ఫార్మసిస్టు పక్కనే ఉన్నాడు, రిజిస్టర్లో ఇద్దరి సంతకాలూ ఉన్నాయి. అన్నిటికంటే నాకు మింగుడుపడనిది ఇంకొకటి. పదకొండు నలభై అన్నది నేను రెండు గంటలకు పెరుగన్నం ముందు కూర్చుని పుట్టించిన అంకె. అప్పటికి ఆ ఫోను అయిపోయి, వాళ్ళు కారులో సగం దారి వచ్చేశారు.

తనిఖీకి వచ్చినాయన నా కొత్త కాగితం చదివి, ఇంత వివరంగా ఎవరూ రాయరని మెచ్చుకున్నాడు. తల కొట్టేసినట్టయింది. నా ఫైళ్ళన్నిటిలో అది ఒక్కటే అబద్ధం, అందులోని ప్రతి మాటా నిజం.

శివ పన్నెండో రోజున ఇంటికి వెళ్ళాడు. ఆ మందు అతనికి ఇక జన్మలో ఇవ్వకూడదు. వేరేది ఇస్తున్నారు, అంత బాగా పనిచెయ్యదు. గొంతులు అప్పుడప్పుడు తిరిగి వస్తున్నాయట. నేను మాత్రం ప్రతి మంగళవారం నిజంగానే ఫోన్ చేస్తూ వచ్చాను. ఒకసారి సత్యవతి గారు కాస్త మొహమాటపడుతూ, "ఆ రోజు మాట్లాడినట్టు మళ్ళీ మాట్లాడలేదేంటండి, నా మీద కోపమా" అని అడిగారు.

నాలుగు నెలలు అలా మోసి, చివరికి రెండు కాగితాలూ డాక్టరు గారి బల్ల మీద పెట్టి జరిగింది చెప్పాను. నన్ను ఆ పరిశోధన నుంచి తప్పించారు, పై వాళ్ళకు రాశారు. అది న్యాయమే. ఫోన్ సంగతి చెప్పేసరికి మాత్రం పెన్ను కింద పెట్టి, "నిద్ర సరిగ్గా పడుతోందా అమ్మా" అని నన్నడిగారు. ఎన్నో ఏళ్ళుగా పేషెంట్లను ఆయన అలా అడగడం చూశాను. నన్ను అడగడం అదే మొదలు.

ఇక మిగిలింది ఆవిడకి చెప్పడం. ఒక ఆదివారం ఉప్పాడ వెళ్ళాను. వెనక గోడ లేదు, ఆ జాగాలోంచి సముద్రం కనిపిస్తోంది. శివ నాకు కుర్చీ తెచ్చి వేశాడు. ఆ రోజు ఫోన్ చేసింది నేను కాదని, చెయ్యకుండానే చేసినట్టు రాశానని, తలదించుకునే చెప్పాను. ఆవిడ తిడితే బాగుండునని అనుకున్నాను.

మగ్గం ఆగింది. ఆవిడ నా వైపు తిరిగారు.

"మీరేనండి" అన్నారు. "మీ గొంతు నాకు తెలీదాండి. ఎప్పుడూ పనిలో ఉంటారు కదా, తీరిగ్గా ఉంటే ఈవిడ ఇలాగే మాట్లాడుద్దనుకున్నాను."

మళ్ళీ నేతలో పడ్డారు. మధ్యాహ్నం దాకా అక్కడే కూర్చున్నాను. ఆవిడ దారాల సంగతి చెప్పారు, గోడ సంగతి మొదటినుంచీ చెప్పారు. మధ్యలో అడ్డం రాకుండా విన్నాను. అయినా రెండుసార్లు చెయ్యి దానంతటదే ఫోన్ తీసి టైము చూసింది. ఆవిడ అది చూశారు.

ఆ ఇరవై ఆరు నిమిషాలు ఎవరు మాట్లాడారో నాకు ఇప్పటికీ తెలియదు. ఎన్ని రకాలుగా లెక్కవేసినా తేలలేదు. నేను కాదన్నది మాత్రం తెలుసు. అలా వినడం నాకింకా రాలేదు.