బావ కోసం ఇంద్రేశం దాకా

పటాన్‌చెరువు చుట్టుపక్కల పొలాల్లో పాతకాలపు జైన విగ్రహాలు పడి ఉన్నాయని, వాటిని చూడాలన్న కుతూహలంతో బయలుదేరానని రాసుకుంటే ఎంతో గౌరవంగా ఉండేది. కానీ నిజం వేరు. నేను హైదరాబాదులో ఒక ఆడపిల్లల బడిలో పంతులమ్మను. సెలవు దొరకడమే గగనం. దొరికిన ఆ ఒక్క సెలవూ మేకను వెతకడానికి ఖర్చయిపోయింది. ఆ మేక మా బావ. ఈ మాట నేను అనడం లేదు, మా యశోదక్క అంటోంది.

సంగారెడ్డి కచ్చేరీలో జవానుగా పనిచేసే మా బావ నిరుడు వానాకాలం మొదట్లో పోయాడు. మా వైపు ఒక ఆచారం ఉంది. మనిషి పోయిన మూడో రోజు, ప్రాణం పోయిన చోట నేల అలికి, జల్లించిన పిండి పలచగా పరిచి, దీపం పెట్టి, పైన గంప బోర్లించి తలుపు వేస్తారు. తెల్లారి గంప ఎత్తి చూస్తే పిండిలో ఏ అడుగు కనబడితే పోయినవారు ఆ జన్మ ఎత్తినట్టు. మా బావ పిండిలో చీలిన గిట్ట కనబడింది. బావ పోయిన రోజునే ఇంట్లో మేక ఈనింది, అదీ పోతుపిల్ల. పెద్దలకు ఇంకేం కావాలి? బావ మేకగా పుట్టాడని తేల్చి, నిమ్మళంగా భోజనాలు చేసి వెళ్ళిపోయారు. ఆ తేల్చడం వల్ల ఏడాదిగా నలుగుతున్నది నేను.

అక్క బాధ మేక కోసం కాదు. బావ పోవడానికి మూడు రోజుల ముందు కూర దగ్గర ఇద్దరికీ మాటా మాటా వచ్చింది. కారం ఎక్కువైందని బావ అన్నాడు, కాలేదని అక్క అంది. మాట పెరిగి పెరిగి, ‘ఈ జన్మల నీతోని మాట్లాడ’ అనేసింది. మూడు రోజులూ కంచం అతని ముందు పెట్టి గోడవైపు తిరిగి కూర్చుంది. మూడో రోజు పొద్దున్నే బావ గుండె ఆగిపోయింది. ఇక పిండిలో గిట్ట కనబడితే అక్క దాన్ని పట్టుకుని వేలాడదా? ఐదు నెలలు ఆ పిల్లను కడుపులో పెట్టుకుని సాకింది. ఆమె పది రోజులు పుట్టింటికి వచ్చిన అదను చూసి, మరిది తల్లిమేకను, పిల్లను అంగట్లో అమ్మేశాడు. కొన్నదెవరో చెప్పమని అక్క ఎనిమిది నెలలు అతని ప్రాణం తోడింది. చివరికి పోయిన వారం నోరు విప్పాడు. పిల్లను పటాన్‌చెరువు దగ్గరి ఇంద్రేశంలో గిన్నెలకు కళాయి పోసే ఖాసిం సాబు, బక్రీదుకు కోయడానికి కొన్నాడట. బక్రీదు నాలుగు రోజుల్లో ఉంది. అక్క నాకు కార్డు రాయించింది. నేను ప్రయాణానికి ముందు రోజు సాయంత్రమే సంగారెడ్డి చేరాను.

సంగారెడ్డి నుంచి హైదరాబాదు పోయే మొదటి బస్సు ఏడున్నరకు. పటాన్‌చెరువుకు మనిషికి ఎనిమిదణాలు. సరిపోను చిల్లర దగ్గర ఉంచుకోండి, నిజాం హాలీ పైసలకు, ఇంగ్లీషువాళ్ళ కల్దారు పైసలకు లెక్క కట్టేలోపు కండక్టరుకు కోపం వస్తుంది. ఇదే బస్సు సాయంత్రం తిరిగి వస్తుందని తెలియగానే అక్క అతన్ని పట్టుకుంది.

“సాయంత్రం మాతోని ఒక మేక వస్తది. వెనక సీటు పట్టిపెట్టు” అంది.

“మేకను మీద గట్టుకోవాలెనమ్మా. సామాన్ల లెక్కలకొస్తది.”

“ఆయన సామాను గాదు. నా పక్కకు కూసుంటడు. పూరా టికెట్ పైసలిస్త.”

కండక్టరు నా వైపు చూశాడు. నేను కిటికీలోంచి కంది ఊరి చెరకు తోటల వైపు చూశాను. అక్క ఎనిమిదణాలు అతని చేతిలో పెట్టి, రసీదు అడిగింది.

మా పక్కన కిరస్తానీ మిషను ఆసుపత్రి నర్సమ్మ ఒకావిడ కూర్చుంది. మెత్తని మనిషి. రుద్రారం వచ్చేసరికి అక్క ఆమెకు కథంతా చెప్పేసింది. నర్సమ్మ ఓపికగా విని, తమ నమ్మకంలో చనిపోయినవారు నిద్రలో ఉంటారని, దేవుని బూర మోగిన రోజున అందరూ ఒక్కసారే లేస్తారని చెప్పింది. అక్క కాసేపు ఆలోచించింది.

“అందరు ఒక్కసారే లేస్తె నీళ్లకెట్లమ్మా?” అంది.

నర్సమ్మ ప్రార్థన పుస్తకం తెరిచింది. ఇస్నాపూరు దాకా దాన్ని మూయలేదు. ఆ దారిలో నాకు దొరికిన శాంతి అంతే.

ఎనిమిదిన్నరకు పటాన్‌చెరువులో దిగాం. బస్సు ఆగే చోటే ఇరానీ హోటలు ఉంది, చాయ బాగుంటుంది, ఆడవాళ్ళు కూర్చోవడానికి తెర కట్టిన మూల కూడా ఉంది. విగ్రహాలు ఇక్కడికి దగ్గరేనని హోటలాయన చెప్పాడు. ఒక్క అరగంట చూసి పోదామంటే అక్క చాయ కూడా తాగనివ్వలేదు. “రాళ్లు యాడికి పోతయి? రేపటికి కూడ గాడ్నే ఉంటయి” అంది. ఇంద్రేశానికి బండి కిరాయి, రానూ పోనూ, రూపాయిన్నర. మూడు మైళ్ళ దారే కానీ వానలకు నల్లరేగడి అంతా బురద. ఒకచోట చక్రం ఇరుసు దాకా దిగబడితే ఇద్దరం దిగి బండి నెట్టాం. నా కొత్త చీర మోకాళ్ళ దాకా ఏ రంగుదో తెలియకుండా పోయింది. అక్క మాత్రం రొట్టెల మూట తడవకుండా నెత్తిన పెట్టుకుంది. జొన్నరొట్టె, ఉల్లిగడ్డ. బావకు ఇష్టం.

బండి తోలే మల్లయ్య కథ విని ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. “మా ఇండ్లల్ల గట్ల బయట పుట్టరమ్మా. ఇంట్లోళ్లు ఇంట్లనే పుడతరు. మా అవ్వ నాకు బిడ్డయి పుట్టింది” అన్నాడు.

“ఎట్ల తెలిసింది?” అన్నాను, ఉండబట్టలేక.

“మా అవ్వ చిన్నప్పుడు నన్ను చీపురుతోని కొట్టేది. గిప్పుడు నా బిడ్డ కూడ చీపురువట్టుకొనే వస్తది. ఇగ ఏం అనుమానం?”

అక్క అవునని తల ఊపింది. నేను పదకొండేళ్ళుగా బడిలో పిల్లలకు ప్రకృతి పాఠం చెబుతున్నాను. ఆ బండిలో నా చదువుకు పూచికపుల్ల విలువ లేకపోయింది.

ఖాసిం సాబు ఇల్లు మసీదు వెనక సందులో. డెబ్బై దాటిన మనిషి, కళాయి పొగకు కళ్ళు ఎర్రబడ్డాయి. వాకిట్లో గుంజకు మేకపోతు కట్టేసి ఉంది. నల్లగా నిగనిగలాడుతోంది, నుదుట తెల్లమచ్చ. ముందు తుమ్మకాయల కుప్ప. అక్క చెప్పులు బయట విడిచి, నెమ్మదిగా దాని దగ్గరికి వెళ్ళి రొట్టె ముక్క పెట్టింది. అది రొట్టె తిని, ఉల్లిగడ్డ తిని, అక్క కొంగు నమలడం మొదలుపెట్టింది.

“సూసినవా సర్సూ, గుర్తువట్టిండు” అంది నాతో.

“మేక ఎవ్వరి కొంగైన తింటదక్కా” అన్నాను.

ఖాసిం సాబు మాకు మంచం వాల్చి, అంతా విన్నాడు. నవ్వలేదు. నవ్వితే నాకు కొంత నయంగా ఉండేది. అక్క కొన్న ధరకు రెండింతలు ఇస్తానంది. ఆయన తల అడ్డంగా ఊపాడు.

“పైసలకు గాదమ్మా. ఇది మా ఫాతిమా పేరు మీద మొక్కుకొని నియ్యత్ చేసిన బక్రా” అన్నాడు. “మా ఇంటిది పోయి మూడేండ్లయింది. మోకాళ్లు పడిపోయినయి. ఏడేండ్లు నేనే ఎత్తుకొని తిరిగిన, నీళ్లకు, ఎండకు, అన్నిటికి. మా పెద్దలు చెప్పేది ఏందంటె, ఖయామత్ రోజు, సచ్చినోళ్లందరు లేచే రోజు, ఒక పుల్ దాటాలె, వంతెన. వెంట్రుక కన్న సన్నం, కత్తి కన్న పదును. ఇక్కడైతె నేను ఎత్తుకున్న. అక్కడ ఎవరి నడక వాళ్లదే. ఆమె ఎట్ల నడుస్తది? కుర్బానీకి బలిచ్చిన జానువారు ఆ రోజు ఎక్కే సవారీ అయితది అంటరు. దీని మీద కూసొని దాటుతదని నా ఆశ.”

అక్క నోరు తెరిచి చూసింది. “అంటె, నీ పెండ్లాం మా ఇంటాయన మీద ఎక్కుతదా?”

నా తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఖాసిం సాబు పాపం నేల చూపులు చూస్తూ గడ్డం నిమురుకున్నాడు. అక్క ఊరుకుందా? దీనికన్నా పెద్ద మేకను, రెండు మేకలను కొనిస్తాను, దీన్ని వదలమంది.

“మౌల్వీ సాబును అడిగినమ్మా. ఉన్నోడైతె మార్చొచ్చునట. గరీబోడు నియ్యత్ చేసి కొన్నది మార్చరాదట. నాకు మార్చే తాకత్ లేదు” అన్నాడు.

ఇద్దరి కళ్ళల్లోనూ నీళ్ళు. ఒకరు మేకను భర్త అంటారు, ఒకరు భార్యకు వాహనం అంటారు. మధ్యలో అది తుమ్మకాయలు పటపట నములుతోంది. నేను పొద్దుటి నుంచి ఒక్క గుక్క చాయ తాగలేదు, ఒళ్ళంతా బురద, ఏడాదిగా కడుపులో దాచుకున్న మాట ఒకటి ఉంది. ఓపిక తెగిపోయింది.

“అక్కా, ఇగ చాలు. ఆ పొద్దు తెల్లారుజామున నీళ్లకని నేనే ఆ పిండి పరిచిన అర్రల నుంచి పోయిన. తలుపు గొళ్లెం పెట్ట మర్చిన. వచ్చి చూస్తె గంప పక్కకు పడ్డది, మేకపిల్ల లోపల పిండి నాకుతున్నది. దాన్ని తరిమి గంప మళ్ల బోర్లించిన. తిడతరని ఎవ్వరికి చెప్పలే. ఆ గిట్ట మేకపిల్లదే. బావది గాదు.”

అనేశాక భయం వేసింది. అక్క నా వైపు తిరగనైనా తిరగలేదు. మేక మెడ మీద చెయ్యి అలాగే ఉంచింది.

“నాకెరుకే. దాని మూతికి పిండి ఉండె. ఎవరన్న చూస్తరని నేనే కొంగుతోని తుడిచిన” అంది.

“ఎరుకా? మరి ఏడాది సంది నన్నెందుకు సంపుతున్నవే?”

“పెద్దలు గదే మీ బావ అన్నరు. కాదంటె నేనిగ ఎవ్వరితోని మాట్లాడాలె సర్సూ?”

ఏమైనా అనాలి కాబట్టి అన్నాను. “ఐదు నెలలు నీ దగ్గర్నే ఉన్నది గద. అప్పుడు మాట్లాడకపోయినవా?”

“అలిగి ఉంటి. ముందుగాల ఆయననే పలకరించాలని సూసిన.”

మేకతో ఐదు నెలలు అలిగిన మనిషిని ఏమంటాం? తిట్టాలని నోరు తెరిచాను, ఏడుపొచ్చింది. ఖాసిం సాబు కర్ర పట్టుకుని లేచాడు. “బక్రీద్ నాలుగొద్దులున్నది. ఇయ్యాల ఇది ఇంకా నా వాకిట్లనే ఉన్నది. మాట్లాడు బహెన్. నేను జెర చాయకు పాలు తెస్త” అని బయటికి నడిచాడు. నేను మంచం మీద అటు తిరిగి కూర్చున్నాను. కానీ చెవులు ఎక్కడికి పోతాయి?

“కారం ఎక్కువే అయ్యింది” అంది అక్క. “నాకు తింటుంటెనే ఎరుకైంది. ఒప్పుకోలే. మూడొద్దులు నువ్వు నా దిక్కు సూస్తనే ఉన్నవు, నేను సూడలే. నేనే ముందు మాట్లాడుతున్న, ఇగో. తప్పు నాది.”

తర్వాత చాలాసేపు ఏవేవో చెప్పింది, కప్పు కురుస్తున్న సంగతి, మరిది చేసిన పని, నాకు పెరిగిన కోపం సంగతి కూడా. ఖాసిం సాబు ఇచ్చిన చాయ తాగి లేచాం. గుమ్మం దాకా వచ్చిన అక్క మళ్ళీ వెనక్కి వెళ్ళింది.

“సాబూ, మా ఇంటాయనకు ఎడమ భుజం నొస్తుండె. ఆమెను జెర కుడిపక్కకు ఒరిగి కూసోమను.”

ఆయన మేక ఎడమ భుజం నిమిరాడు. “ఆమె పేరున ఫాతిహా సదివేటప్పుడు చెప్త బహెన్” అన్నాడు.

పటాన్‌చెరువులో బస్సుకు ఇంకా గంట ఉండగా, నేను అడగకుండానే అక్క నన్ను విగ్రహాల దగ్గరికి తీసుకెళ్ళింది. జొన్నచేను గట్టు మీద ఒకటి కూర్చుని ఉంది, ముక్కు విరిగింది, కళ్ళు మూసుకుంది. వీళ్ళ మతంలో మళ్ళీ పుట్టకపోవడమే గొప్ప అని అక్కకు చెప్పాను. అక్క దాన్ని కొంచెంసేపు చూసి, “ఈయనకు ఎవ్వరితోని కొట్లాట లేనట్టున్నది” అంది. చచ్చాక ఏమవుతుందో ఒక్కరోజులో నాకు ఈ రాతిమనిషితో కలిపి ఐదుగురు ఐదు రకాలుగా చెప్పారు. ఎవరిది నిజమో నాకు తెలియదు, తెలుసుకునే ఓపిక కూడా ఆ రోజుకు మిగల్లేదు. హైదరాబాదు చేరగానే మాత్రం, ఆర్నెల్లుగా నాతో మాట్లాడని మా పెద్ద పంతులమ్మ ఇంటికి వెళ్ళి, తప్పు నాదేనని చెప్పి వచ్చాను. తప్పు ఆమెదే, అది వేరే సంగతి.

వెళ్ళేవారికి ఒక్క మాట. తిరుగు బస్సు పటాన్‌చెరువుకు ఐదింటికి వస్తుంది, పండుగ వారంలో కిక్కిరిసి ఉంటుంది. మేకకు సీటు ముందే కొనకండి, పైసలు వాపసు ఇవ్వరు. కండక్టరు మాట మీద నిలబడి వెనక సీటు ఖాళీగా ఉంచాడు. నిలబడ్డవాళ్ళంతా సణుగుతున్నా అక్క ఆ సీటు మీద చెయ్యి తీయలేదు. రుద్రారం దాటాక, గంప నెత్తిన పెట్టుకుని నిలబడలేక ఊగుతున్న ఒక ముసలాయనను చూసి, చెయ్యి తీసి, “కూసో అన్నా, ఇగ ఎవ్వరు లేరు” అంది.