హాఫ్ క్లచ్ మీద చేపపిల్లలు

ఆ రోజుల్లో గుడివాడ చుట్టుపక్కల వరిచేలు ఒక్కొక్కటే చేపల చెరువులవుతుంటే, డిగ్రీ అయ్యి ఖాళీగా తిరుగుతున్న నాలాంటివాళ్లకి కూడా ఏదో ఒక ఉద్యోగం దొరికేది. నాకు దొరికింది నందివాడ దగ్గర చేపపిల్లల్ని పెంచే ఒక కేంద్రంలో, ఆ పిల్లల్ని రైతుల చెరువులకి చేర్చే పని. నీళ్లూ ఆక్సిజనూ నింపి కట్టిన ప్లాస్టిక్ సంచుల్ని బుట్టల్లో పెట్టుకుని, పెదనాన్న ఇచ్చిన పాత మోటారు సైకిలు మీద బయల్దేరేవాణ్ని. (ఆ బండి నాకంటే పన్నెండేళ్లు పెద్దది. "పెళ్లిచూపులకి దీని మీదే వెళ్లాను" అని పెదనాన్న గొప్పగా చెప్పేవారు. "వెళ్లింది దాని మీదే, వచ్చింది తోసుకుంటూ" అని పెద్దమ్మ సరిదిద్దేది.) కుదుపుకి సంచులు ఎక్కడ చిల్లిపడతాయోనని, గతుకున్నా లేకపోయినా క్లచ్ సగం పట్టుకునే నడిపేవాణ్ని. "మావాడు పిల్లల్ని పల్లకీలో తీసుకెళ్తాడండీ" అని మా యజమాని ఒకసారి ఎవరితోనో అనేసరికి, ఇక ఆ లివరు మీంచి చెయ్యి తియ్యడమే మానేశాను.

అంత మంచిపేరూ ఒక్క పూటలో పోయింది. దారిలో టీ తాగుతూ బాతాఖానీలో పడి, సంచుల్ని ఎండలో వదిలేశాను. సగం పిల్లలు చచ్చిపోయాయి. "మళ్లీ ఇలా జరిగితే ఇంక పనిలోకి రావద్దయ్యా" అన్నారు యజమాని. ఆ మర్నాడే దివిసీమ రైతు ఒకాయనకి పిల్లల్ని చేర్చాలి. పామర్రు దాటాక ఇంజను గోల పెరిగింది, బండి జోరు తగ్గింది. దిగి క్లచ్ వైరు బిగించాను. ఇంకా నెమ్మదించింది. ఇంకాస్త బిగించాను. కూచిపూడి చేరేసరికి, సైకిలు మీద పాలాయన నన్ను దాటుకుంటూ వెళ్లి జాలిగా వెనక్కి చూశాడు.

రోడ్డు పక్క తాటాకు పందిరి కింద ఉన్న మెకానిక్‌ని అందరూ కార్కు బావగారనేవారు. పాతకాలం క్లచ్ ప్లేట్లకి సీసా బిరడాల్లాంటి కార్కు బిళ్లలు కూర్చడం ఆ చుట్టుపక్కల ఆయనొక్కరికే వచ్చు.

"కార్బొరేటర్లో చెత్త చేరిందండీ" అన్నాను. (బండి జబ్బుల్లో నాకు తెలిసిన పేరు అదొక్కటే.)

"గేర్లో వేసి, బ్రేకు తొక్కి క్లచ్ వదులు" అన్నారు. వదిలాను. ఇంజను నిక్షేపంగా తిరుగుతూనే ఉంది. గర్వంగా ఆయన వైపు చూశాను.

"ఆగిపోవాలి తమ్ముడూ. ఆగలేదంటే ప్లేట్లు అరిగి జారిపోతున్నాయి. ఏదీ, నీ ఎడంచెయ్యి చూపించు."

జాతకం కూడా చెబుతారేమోననుకుని చాపాను. వేళ్ల మొదట్లో కాయలు కాసి ఉన్నాయి.

"రోజంతా హాఫ్ క్లచ్చే కదూ? అది చాలక వైరు కూడా బిగించావు. జారేదాన్ని ఇంకా జార్చావు."

"కుదుపుకి చేపపిల్లలు తట్టుకోవనండీ..."

అప్పుడు చూశారు బుట్టల్ని. "ఎప్పుడు కట్టారివి?"

"పొద్దున్న ఆరింటికండీ."

"బండికేం, రేపు బాగుచేసినా బతుకుతుంది. వీటికంత టైము లేదు" అంటూ సంచుల మీద తడి గోనెలు కప్పి, అవనిగడ్డ బస్సుకి అడ్డంగా వెళ్లి నిలబడ్డారు. విసుక్కుంటున్న డ్రైవరుతో "చేపపిల్లలున్నాయి బావా, కాస్త చూసి పోనియ్యి" అని నన్నూ బుట్టల్నీ ఎక్కించేశారు.

సాయంత్రం బస్సు దిగి తిన్నగా బండి దగ్గరికే పరిగెత్తాను. వేణ్ణీళ్లలో నానబెట్టిన బిళ్లల్ని ప్లేట్ల కన్నాల్లో ఒక్కొక్కటే కూర్చి, ఎత్తుపల్లాల్లేకుండా రుద్ది, అంతా బిగించి ఉంచారు. స్టార్టు చేసి గేర్లో వేసి, బ్రేకు తొక్కి క్లచ్ వదిలాను. టక్కున ఆగిపోయింది. ఇంజను ఆగిపోయినందుకు సంబరపడటం నా జన్మలో అదే మొదటిసారి.

"పిల్లలు?" అన్నారాయన వెనకనుంచి.

"అన్నీ ఈదుకుంటూ వెళ్లిపోయాయండీ."

ఆయన "హమ్మయ్య" అని చేతులు కడుక్కుని, రాటకి తగిలించిన క్యారేజీ దించారు. అది మధ్యాహ్నం తినాల్సిన అన్నం. పొద్దు వాలిపోతోంది. నాకు సిగ్గేసింది. "నిలబడ్డావేం, నువ్వూ తినుండవుగా" అంటూ క్యారేజీ మూతలో నాకు సగం పెట్టారు.

నా ఉద్యోగం నిలబడింది. ఆ ఉద్యోగంతోనే నా బతుకూ నిలబడింది. అదంతా ఆయన చలవే. ఇప్పుడు ఫోన్లో ముక్కూమొహం తెలియనివాళ్లకి రోజుకి పదిసార్లు థాంక్స్ చెబుతుంటాను. చెప్పి తీరాల్సిన ఆ ఒక్క పూట మాత్రం తల వంచుకుని "పులుసు బాగుందండీ" అన్నాను. ఆయనకి అర్థమయ్యే ఉంటుంది. తన వాటాలోంచి ఇంకాస్త వేశారు.