మెట్ల దగ్గర పట్టిన సీసా

మా అన్నయ్యకు చెవుడు. ముప్ఫై ఏడేళ్ళు నీళ్ళ పంపుల మధ్య కూర్చుంటే ఎవరికైనా వస్తుంది. కాకపోతే ఆ చెవుడు కూడా ఆయన ఇష్టప్రకారమే నడుస్తుంది. సంచి పట్టుకుని బజారుకు రమ్మని వదిన పిలిస్తే ఒక్క ముక్క వినబడదు. మూడో నంబరు పంపు కాస్త గరగరమందంటే మాత్రం, గోడ అవతల అన్నం తింటున్నవాడు కంచం వదిలేసి పరుగెత్తుతాడు.

ఊరికి నీళ్ళిచ్చే పెద్ద చెరువు గట్టున ఆ పంపుహౌస్ ఉంది. నాలుగు కరెంటు పంపులు, కరెంటు పోతే నడిపే డీజిల్ ఇంజను ఒకటి. అన్నయ్య పంతొమ్మిదో ఏట అక్కడ హెల్పరుగా చేరి ఇప్పుడు పెద్ద ఆపరేటరయ్యాడు. డ్యూటీ ఎక్కగానే ఆయన చేసే మొదటి పని, భుజం మీది తెల్లగుడ్డతో ఇంజను కింద తుడవడం. గుడ్డకు నూనె మరక అంటిందా, ఆ రోజు ఇంట్లో అందరికీ మూడినట్టే. రంగు గుడ్డ వాడితే ఉతకలేక చచ్చే బాధ తప్పుతుంది కదా అని వదిన ఎన్నిసార్లో మొత్తుకుంది. "మరక కనబడకపోతే తుడిచి ఏం లాభమే?" అంటాడు. ఆఫీసులో అందరూ ఆయన్ని తెల్లగుడ్డాయన అనే పిలుస్తారు.

ఇక నా సంగతి. అదే నీటి శాఖ ల్యాబులో నమూనాలు పట్టే పని నాది. ప్రతి సోమవారం చెరువుకు వెళ్ళి సీసాలు నింపి, లేబుళ్ళు అంటించి తేవాలి. రూలు ప్రకారం గట్టు నుంచి నీళ్ళలోకి పోయే ఇనుప వంతెన చివరిదాకా నడిచి, అక్కడ పట్టాలి. నాకేమో మోకాళ్ళ నొప్పులు. మూడేళ్ళుగా పంపుహౌస్ పక్కన మెట్ల దగ్గరే సీసా ముంచి, లేబులు మీద 'వంతెన చివర' అని రాసేస్తున్నాను. అన్నయ్య నాకు టీ పోసిచ్చేది కూడా ఆ మెట్ల మీదే.

ఏడాదికోసారి నీటిలో నూనె ఉందా అని కూడా చూస్తారు. దానికి బ్రౌన్ రంగు గాజు సీసా వాడాలి. ఎప్పుడూ చలికాలంలో చేసే ఆ పరీక్ష ఈసారి మండుటెండల్లో పడింది. చెరువులో ఆకుపచ్చ తెట్టు కట్టి, గాలికి కొట్టుకొచ్చి, అంతా మెట్ల దగ్గరే చేరి ఉంది. చేత్తో అటూ ఇటూ తోసి సీసా ముంచాను. బ్రౌన్ సీసాలో పచ్చదనం ఎవడికి కనబడుతుంది? వారానికి ఫలితం వచ్చింది. నీటిలో నూనె ఉంది, అదీ ఉండాల్సినదానికి ఎన్నో రెట్లు.

ఆ పరీక్ష ఎంత నూనె ఉందో చెబుతుంది గానీ ఏ నూనె అన్నది చెప్పదు. మా ఇంజనీరు గారికి ఆ చింత లేదు. గట్టున ఉన్నది ఒక్క డీజిల్ ఇంజను, కాబట్టి కారింది డీజిలే, కాబట్టి తప్పు తెల్లగుడ్డాయనదే. పది రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలనీ, అది సరిగా లేకపోతే పంపుహౌస్ నుంచి తీసేసి స్టోర్సులో వేస్తామనీ నోటీసు పంపాడు.

అన్నయ్య నోటీసు మడిచి జేబులో పెట్టుకుని ఇంజను కింద దూరాడు. గుడ్డ తెల్లగానే వచ్చింది. మళ్ళీ తుడిచాడు, మళ్ళీ తెల్లగానే వచ్చింది. "నా ఇంజను కారలేదే చెల్లీ. కారితే నేనే చెప్పేవాణ్ణి కదా!" అన్నాడు. నాలుగు రోజులుగా సరిగా తినడం లేదని వదిన కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నాకు ఇంజనీరు మీద ఒళ్ళు మండిపోయింది. నా మీద నాకు ఇంకా మండలేదు.

మా ల్యాబు కెమిస్టు మేడమ్ నా కూతురంత పిల్ల. అది డీజిలో కాదో తేల్చే దారేమైనా ఉందా అని ఆమెను పట్టుకున్నాను. మిగిలిన నమూనాను వేరే మిషను మీద పెట్టి, రెండోనాడు ఒక కాగితం తెచ్చి నా ముందు పరిచింది.

"ఇటు చూడండి ఆంటీ. డీజిలైతే నిచ్చెనలా వస్తుంది. పది కార్బన్ల గొలుసుది, పదకొండుది, పన్నెండుది, అలా ఇరవై దాటేదాకా వరసగా గీతలుంటాయి. ఇందులో ఒక్కటే పొడుగ్గా లేచింది. పదిహేడుది."

"అంటే ఏమిటి మేడమ్?"

"సయనోబాక్టీరియా అనుకుంటున్నా. నీళ్ళ మీద ఆకుపచ్చ తెట్టు కడుతుంది చూడండి. నాచు అంటాం గానీ చాలాసార్లు అది నాచు కాదు, బాక్టీరియా. ఎండతోనే తన తిండి తను చేసుకుంటుంది. హైడ్రోకార్బన్లు కూడా చేస్తుంది."

"ఆ పచ్చటి చెత్తా? డీజిల్లో ఉండే నూనె చేస్తుందా?"

"ఆ జాతిదే. ఎవరూ నేర్పక్కర్లేదు, దాని పుట్టుకలోనే ఉంది. ముందు కొవ్వు తయారు చేసుకుంటుంది. అది పద్దెనిమిది కార్బన్ పూసల దండ అనుకోండి. చివరి పూస ఒకటి తెంపేస్తుంది. మిగిలిన పదిహేడే ఇది. దాన్ని తన లోపలి పొరల్లోనే ఉంచుకుంటుంది. ఆ పొరలు సులువుగా వంగడానికి పనికొస్తుందని అంటారు."

నాకు ప్రాణం లేచొచ్చింది. అంతలో ఆమె లేబులు చదివింది. "కానీ ఇది వంతెన చివర పట్టింది కదా! అక్కడ తెట్టు ఉండదు. మీరు పట్టినప్పుడు నీళ్ళు పచ్చగా ఉన్నాయా?"

సీసాను లేబులు అటు తిరిగేలా పెట్టి, "గుర్తులేదు మేడమ్" అన్నాను.

"అయితే ఎక్కడిదో తేలలేదనే రాయాలి" అంది పాపం.

రెండు రోజులు నాతో నేనే బేరాలాడాను. తప్పుడు లేబులంటే ఉద్యోగానికే ఎసరు. నా ఒక్కదాని జీతం మీద నడిచే ఇల్లు. అన్నయ్యను స్టోర్సుకు పంపినంత మాత్రాన జీతం పోదు కదా అనుకున్నాను. ఛీ, అలా కూడా అనుకున్నాను.

విచారణ ఇంజనీరు గారి గదిలో, నాతో సహా ఆఫీసు వాళ్ళందరి ముందూ జరిగింది. మేడమ్ ఆ కాగితం చూపించి, ఒడ్డున తెట్టు ఉన్నచోట పట్టిన నీళ్ళైతే ఇది డీజిల్ కాదనే చెప్పొచ్చనీ, వంతెన చివర పట్టినవైతే ఏమీ చెప్పలేననీ వివరించింది. అన్నయ్య ముందుకు వంగి, చెవి ఒగ్గి, ఒక్క మాట పోకుండా విన్నాడు.

ఇంజనీరు ఆయన వైపు తిరిగి గొంతు పెంచాడు. "మీ కళ్ళముందే కదా పట్టేది. మీ చెల్లెలు సీసా ఎక్కడ ముంచిందో చూశారా?"

"చూశాను సార్" అన్నాడు అన్నయ్య. "వంతెన చివరే."

గుడ్డకు మరక అంటితే దాచడం చేతకాని మనిషి, అంతమంది ముందు తొణక్కుండా అబద్ధమాడాడు. ఆ ఒక్క మాటతో తన చేతులు తనే కట్టేసుకున్నాడు.

"అబద్ధం సార్!" అని అరిచేశాను. "మెట్ల దగ్గర ముంచాను. తెట్టులోనే ముంచాను. మూడేళ్ళుగా అక్కడే ముంచుతున్నాను. ఆయనకు తెలుసు."

ఇంజనీరు అన్నయ్యను చూశాడు. "ఏమన్నారు?" అన్నాడు అన్నయ్య, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని.

మర్నాడు మేడమే స్వయంగా మూడు సీసాలు పట్టింది. మెట్ల దగ్గరి నీళ్ళలో మళ్ళీ అదే పదిహేడు లేచింది. వంతెన చివరి నీళ్ళలో ఏమీ లేదు. ఇంజను ట్యాంకులోంచి తీసిన డీజిల్ చక్కగా నిచ్చెన కట్టింది. అన్నయ్య మీద నోటీసు రద్దయింది. నాకు గట్టి మెమో ఇచ్చారు, నేను తెచ్చిన మూడేళ్ళ ఫలితాలను ఎర్రసిరాతో కొట్టేశారు. ఉద్యోగం మాత్రం ఉంచారు.

బయటికి రాగానే అన్నయ్యను దులిపేశాను. "చెవులు పోయాయనుకున్నా, బుర్ర కూడా పోయిందా? ముప్ఫై ఏడేళ్ళ పేరు అలా ఎలా వదిలేస్తావు?"

"నాకు స్టోర్సన్నా ఉంది. నీకేముందే?" అన్నాడు.



తరువాతి సోమవారం సీసాలు తీసుకుని వంతెన ఎక్కాను. అడుగడుక్కీ మోకాళ్ళు మొరపెట్టుకున్నాయి. సగం దూరంలో, కమ్మీకి తాడుతో కట్టి ఒక స్టూలు కనబడింది. పంపుహౌస్‌లో అన్నయ్య ఇన్నేళ్ళుగా కూర్చునే స్టూలది. దాని మీద కొత్త తెల్లగుడ్డ ఒకటి నాలుగు మడతలు వేసి ఉంది. కూర్చున్నాను. ఏడుపు ఆగలేదు.

వెనక్కి తిరిగి చూస్తే మెట్ల మీద నిలబడి ఉన్నాడు. "మరి నువ్వెక్కడ కూర్చుంటావు?" అని గొంతు చించుకుని అరిచాను. వినబడలేదన్నట్టు తల అడ్డంగా ఊపి, పంపుల దగ్గరికి వెళ్ళిపోయాడు.